బాతుకు తెలుగు రాదు

“బాతు తెలుగులో మాట్లాడిందా?”

పలక మీద ఉన్నది ఆ ఒక్క వాక్యమే. దాన్ని భోజనాల బల్ల మీద, ఆచార్యుడి కంచానికి ఎదురుగా, ముఖం చూసుకోవడానికి అద్దం నిలబెట్టినట్టు నిలబెట్టి ఉంచింది టీచరమ్మ.

ఆచార్యుడు చదివాడు. చదవనివాడిలా మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. అందుకోవడంలో మోచెయ్యి తగిలి పలక బోర్లా పడింది. తగిలిందో తగిలించాడో ఆయనకే తెలియాలి.

టీచరమ్మ పలకను మళ్ళీ నిలబెట్టింది.

“అమ్మాయి ఏదో అడుగుతోందిరా,” అంది బల్లకు ఆ చివర కూర్చున్న పెద్దావిడ. “నీ కళ్ళజోడు మసకేస్తే చెప్పు, నేను చదువుతాను. బాతు తెలుగులో మాట్లాడిందా అంటోంది. సిగ్గూ శరం ఉన్న బాతయితే మాట్లాడదు కదా అని కూడా అంటోంది.”

“ఆ రెండోది పలక మీద లేదమ్మా.”

“మొహం మీద ఉంది.”

డాక్టరు టీచరమ్మ గొంతులోకి దీపం వేసి చూసి, నెల పాటు పెదవి విప్పకూడదని, గుసగుస కూడా పనికిరాదని, మాట వినకపోతే ఆ గొంతు ఇక తిరిగి రాదని చెప్పిన నాటినుంచి ఆ ఇంట్లో సంభాషణ ఇలాగే సాగుతోంది. కోడలు రాస్తుంది. అత్తగారు చదువుతుంది. చదివేటప్పుడు సొంత కవిత్వం కొంత కలుపుతుంది. మూలం కంటె వ్యాఖ్యానం పొడుగైపోతోందని ఆచార్యుడు విసుక్కుంటాడు. జీవితమంతా మూలం కంటె పొడుగైన వ్యాఖ్యానాలు రాసి బతికిన మనిషికి ఆ విసుగు ఎలా వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

పొద్దున మేడ మీది పిల్ల దిగి రాకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

సెలవురోజు కదా అని టీచర్‌ను చూడడానికి వచ్చింది ఆ పిల్ల. రెండో తరగతి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

“టీచర్, బాతుకి తెలుగొచ్చంట. నిన్న సారే మాట్లాడించారు. ఎప్పట్నుంచో వచ్చంట దానికి.”

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పిల్లలు ఆగరు.

“మాకు తమ్ముడు పుట్టాడని దానికి చెప్పడానికి నేను ఎంత కష్టపడ్డాను టీచర్? వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఒక్కో మాటా ఏరుకుని. దానికి తెలుగొస్తే తెలుగులోనే చెప్పేదాన్నిగా. అది నన్ను చూసి లోపల్లోపల నవ్వుకుందా?”

టీచరమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది.

బాతు అంటే గుడ్డబాతు. మూతబుట్టలో ఉంటుంది. అడుగున చెయ్యి దూర్చే సందు, పసుపుపచ్చ ముక్కు, ఒకవైపు కుట్లు ఊడి మళ్ళీ కుట్టిన రెక్క. దాని గురించి తరగతిలో ఒకటే నియమం. బాతుకు ఫ్రెంచి తప్ప మరో భాష రాదు. తెలుగులో ఎవరైనా ఏదైనా అడిగితే అది తల వాల్చి, రెక్క చెవి దగ్గర పెట్టుకుని, దిగులుగా బుట్టలోకి చూస్తుంది. బాతు బయట ఉన్నంతసేపూ టీచరమ్మ నోట కూడా తెలుగు రాదు. మొదటి ఏడాది పుస్తకం లేదు, రాత లేదు.

చెప్పుకోవలసిన కబుర్లు ఏడేళ్ళవాళ్ళకు బోలెడు. పన్ను ఊడింది, కుక్కపిల్ల తప్పిపోయింది, అమ్మకూ నాన్నకూ మాటల్లేవు. అవన్నీ బాతుకు చెప్పితీరాలి. చెప్పాలంటే దానికి అర్థమయ్యే మాటలు కావాలి. ఆ మాటల కోసం పిల్లలు తమలో తాము కొట్టుకునేవారు. టీచరమ్మ పద్ధతి అంతా ఈ ఒక్క అవసరం మీద నిలబడి ఉంది. దూలానికి వేసిన ఒకే ఒక్క స్తంభం లాంటిది అది. ఆ స్తంభాన్నే ఆచార్యుడు పోయి పోయి ఊడబెరికి వచ్చాడు.

“అసలేం జరిగిందిరా? నీ నోటితో చెప్పు,” అంది పెద్దావిడ.

“జరగడానికేముంది. ఈవిడ బదులు బడివాళ్ళు నన్ను వెళ్ళమన్నారు, వెళ్ళాను. అక్కడ చదువు లేదు. కిలకిలలూ చప్పట్లూ ఉన్నాయి. నేను చదువు చెప్పాను.”

“ఏం చదువు?”

“బోర్డు మీద క్రియారూపాల పట్టిక వేశాను. ‘ఉండు’ అన్న ధాతువుకు ఆరు రూపాలు. రాసుకోమన్నాను.”

“పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశానని చెప్పు. తర్వాత?”

“తర్వాత ఒకటే గోల. బాతును బయటికి తియ్యమని. బుట్టలో దానికి ఊపిరాడదట. వారమంతా అదే పాట. నిన్న ఇక విసుగొచ్చి తీశాను.”

మెడ పట్టుకుని తీశాడని మేడ మీది పిల్ల పొద్దున చేత్తో చూపించింది. ఆ భాగం ఆయన చెప్పలేదు.

“వాళ్ళు దాన్ని ఫ్రెంచిలో కుశలప్రశ్నలు అడిగారు. ఉచ్చారణ చెప్పనలవి కాదు. నేను ముక్కు ఆడిస్తూ, ‘నేను బాగానే ఉన్నాను, ముందు మీరు పట్టిక పూర్తి చెయ్యండి’ అన్నాను. తెలుగులోనే. అది పరిహాసం. పెద్దవాళ్ళయితే నవ్వేవారు.”

“వాళ్ళు నవ్వారా?”

ఆచార్యుడు కంచంలోకి చూశాడు.

“ఒకడు లేచి, నీకు తెలుగొచ్చా అని అడిగాడు. అడిగింది నన్ను కాదు, దాన్ని. ఎప్పట్నుంచో వచ్చు అన్నాను.”

ఆయన జన్మలో వేసిన మొదటి హాస్యోక్తి బహుశా అదే. దానికి తరగతిలో సగం మంది ఏడ్చారు. మిగిలిన సగం మంది ఏడవలేదు కానీ, ఆ తర్వాత ఎవ్వరూ బాతు వైపు చూడలేదు. పట్టిక మాత్రం బుద్ధిగా పూర్తి చేశారు. ఆయనకు కావలసింది అదే కనుక ఆయనకు లోటేమీ కనిపించలేదు.

బలపం కరకరలాడింది. పలక పెద్దావిడ చేతికి వెళ్ళింది.

“‘వాళ్ళకి ఏడేళ్ళు’ అంటోంది. వాళ్ళకి ఏడేళ్ళు, నీకు అరవై దాటాయి. ఇందులో ఎవరికి బుద్ధి చెప్పాలో తేలట్లేదు.”

“అమ్మా, రాసింది రాసినట్టు చదువు.”

“రాసినట్టు చదవడానికి నేనెందుకు, నీ పుస్తకాలున్నాయిగా.”

ఆచార్యుడి పుస్తకాలు రెండు సంపుటాలు. ఫ్రెంచి వాక్యంలో షరతు ఎన్ని తీరులుగా ఉంటుందన్నది వాటి విషయం. ఆయన చాలాకాలం పాఠం చెప్పిన కాలేజీ గ్రంథాలయంలో అవి ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. వాటి అట్టల మీద దుమ్ము దులిపే మనిషి తప్ప వాటిని ముట్టుకున్నవారు లేరు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పెద్దావిడ మాత్రం అప్పుడప్పుడు అంటుంది.

“గుడ్డముక్కకు ప్రాణముందని నమ్మించి పాఠం చెప్పడం మోసం,” అన్నాడు ఆచార్యుడు. ఈసారి భార్యను చూసే అన్నాడు. “నేను ఆ మోసం బయటపెట్టాను. ఫ్రెంచి అంటే ఏమనుకుంటున్నావు? దానికొక నిర్మాణం ఉంది. అది తెలియకుండా నాలుగు ముక్కలు పలికితే చిలకపలుకులు. రేపు ఆ భాష మనిషి ఎవరైనా ఎదురైతే ఈ పిల్లలు ఏం మాట్లాడతారు?”

“నువ్వేం మాట్లాడావురా?”

“ఏమిటి?”

“నువ్వు పనిచేసే రోజుల్లో మీ కాలేజీకి ఆ దేశపాయన వచ్చాడన్నావుగా. నువ్వు ఎదురెళ్ళి ఊపిరి బిగపట్టి పెద్ద వాక్యం ఒకటి అప్పజెప్పావు. పాపం ఆయన అంతా విని, కాఫీ తాగుతారా అని ఇంగ్లీషులో అడిగాడు. నువ్వే కదా చెప్పావు, ఆయనకి వ్యాకరణం రాదని.”

టీచరమ్మ నవ్వలేదు. నవ్వకూడదని డాక్టరు చెప్పాడు కనుక భుజాలు మాత్రం ఒకసారి కదిలాయి. ఆచార్యుడు అది చూశాడు.

ఆమె మళ్ళీ రాసింది. ఈసారి చాలాసేపు రాసింది. పలక చాలక అక్షరాలు చిన్నవయ్యాయి. పెద్దావిడ కిటికీ వెలుగుకు పెట్టి చదివింది. విచిత్రమేమిటంటే ఈసారి ఏమీ కలపలేదు.

“‘సోమవారం మీరు తరగతికి వెళ్ళండి. ఆ మాటలు బాతువి కావని, దాన్ని పట్టుకుని మీరే అన్నారని, దానికి నిజంగానే తెలుగు రాదని పిల్లలతో చెప్పండి. మీరు చెబితేనే నమ్ముతారు. నేను చెబితే నమ్మరు. నేను కూడా అబద్ధమాడాననుకుంటున్నారు.’”

“నేనా? బాతు తరఫున రెండో తరగతికి సంజాయిషీ ఇచ్చుకోవాలా?”

“బాతు తరఫున కాదు నాయనా. ఇన్నాళ్ళూ దాని లోపల చెయ్యి పెట్టి ఆడించిన మనిషి తరఫున.”

“నాకు దీనికంటె ముఖ్యమైన పనులున్నాయి.”

“ఏమిటవి?” అని పెద్దావిడ నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

ఆచార్యుడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. పుస్తకాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గట్టిగా వెయ్యలేదు. తలుపులు గట్టిగా వెయ్యడం సంస్కారం కాదని ఆయన నమ్మకం. ఆ మెత్తని చప్పుడు అంతకంటె ఎక్కువ తగులుతుందని ఆయనకు తెలియకపోలేదు.

మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో మాట లేదు. ఒకరికి వద్దని డాక్టరు చెప్పాడు. ఒకరు తానే మానుకున్నారు. మూడో మనిషి నిద్రపోయింది.

సాయంత్రం గంట మోగింది.

వచ్చింది హెడ్మిస్ట్రెస్. చేతిలో పళ్ళ సంచి, ముఖాన పని పెట్టుకుని వచ్చినవాళ్ళ చిరునవ్వు. బడి తెరిచిన కొత్తలో, పక్కబడిలో లేనిదేదో తన బడిలో ఉండాలని ఆవిడ ఫ్రెంచి పెట్టింది. అది బడిలో టీ పెట్టించినంత తేలికగా పెట్టించింది కనుక, అందులో తాను నేర్చుకోవలసింది ఉందని ఎన్నడూ అనుకోలేదు. పలకరింపు మాట ఒక్కటి మాత్రం నేర్చుకుంది.

“బోఁజూర్ సార్,” అంది ఆచార్యుడితో.

ఆ మాట ఆవిడ పలికిన తీరుకు మామూలు రోజయితే ఆయన మూడుసార్లు దిద్దించేవాడు. ఇవాళ లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“మేడమ్, మీరు బాగా రెస్ట్ తీసుకోవాలి,” అని ఆవిడ టీచరమ్మ చెవి దగ్గర గట్టిగా అరిచింది. మాట రానివాళ్ళకు వినపడదనుకునేవాళ్ళలో ఆవిడొకతె.

“దానికి గొంతే పోయిందమ్మా, చెవులు బాగానే ఉన్నాయి,” అంది పెద్దావిడ. “ఈ ఇంట్లో అదే దాని బాధ.”

హెడ్మిస్ట్రెస్ అది మర్యాద మాట అనుకుని నవ్వింది. టీ వచ్చింది. తాగుతూ అసలు సంగతి అందుకుంది.

“సార్, మీరు అద్భుతం చేశారు. నిన్నటినుంచి నా ఫోన్ ఆగట్లేదు. పిల్లలు ఇంటికెళ్ళి పుస్తకం తీస్తే అందులో రాత ఉందండీ. ఇన్నాళ్ళూ ఏముంది? ఫ్రెంచిలో ఏం నేర్చుకున్నావురా అంటే, బాతుకి జలుబు చేసింది అంటారు. తల్లిదండ్రులకి నేనేం చూపించను? ఇప్పుడు చక్కగా గీతలు కొట్టి, పట్టిక వేసి... ఒకాయన అయితే మా వాడి పుస్తకం ఇన్నాళ్ళకి పుస్తకంలా ఉందన్నాడు.”

“ఆ పట్టికలో ఏముందో ఆయనకి అర్థమయిందా?” అంది పెద్దావిడ.

“అర్థం కాలేదు కాబట్టే అంత సంతోషించారండీ.”

ఆవిడ అది ఎగతాళిగా అనలేదు. నిజం ఒక్కోసారి అలాంటి మనుషుల నోటినుంచి తనంత తానే జారిపడుతుంది.

“బాతు దగ్గర పిల్లలు ఏడ్చారని కూడా విన్నాను,” అంది హెడ్మిస్ట్రెస్. “ఏడిస్తే ఏడ్చారు. ఎన్నాళ్ళు ఆడుకుంటారు? అందుకే సార్, సోమవారం తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాను. చిన్న తరగతులన్నిటికీ ఇకనుంచి ఫ్రెంచి మీరే చెబుతారని అందులో చెప్పేస్తాను. మీలాంటి పండితులు మా బడికి రావడం మా అదృష్టం.”

“గొంతు బాగయ్యాక ఇది వస్తుందిగా?” అంది పెద్దావిడ, కోడలి వైపు గడ్డం చూపించి.

“వచ్చినా పాపం మళ్ళీ ఆ శ్రమెందుకండీ? లైబ్రరీ ఉంది. అక్కడ మాట్లాడే పని లేదు. అసలు మాట్లాడకూడదు కూడా.” ఈసారి తన హాస్యానికి తానే నవ్వింది.

టీచరమ్మ భర్త వైపు చూసింది. పెద్దావిడ కూడా చూసింది. చిన్నపిల్లలకు పాఠం చెప్పడం తన స్థాయి కాదని ఈ వారమంతా ప్రతి పూటా చెప్పిన మనిషి. ఆ ఒక్క మాట ఇప్పుడు మరొక్కసారి అంటే చాలు.

ఆచార్యుడు కప్పు సాసరులో పెట్టాడు.

“పునాది విషయంలో నాకు కొన్ని నిశ్చితమైన అభిప్రాయాలు ఉన్నాయి,” అన్నాడు.

మధ్యాహ్నం కిలకిలలుగా ఉన్నది సాయంత్రానికి పునాది అయింది. ఆయన వెన్ను నిటారుగా అయింది. చాలా ఏళ్ళుగా ఆయనను ఎవరూ ఏదీ అడగలేదు. కాలేజీ వీడ్కోలు సభలో మెడలో దండ వేసినవాళ్ళు మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడొక మనిషి వెతుక్కుంటూ వచ్చి పండితుడంది. ఆ మాట అన్నది ఎవరు, ఎందుకన్నారు, ఎవరి చోటు ఖాళీ చేయించి అన్నారు అని విచారించే ఓపిక ఆకలిగొన్నవాడికి ఉండదు.

బలపం చప్పుడయింది. పెద్దావిడ అలవాటుగా చెయ్యి చాచింది.

టీచరమ్మ పలకను అత్తగారి చేతికి ఇవ్వలేదు. నేరుగా భర్త ముందు పెట్టింది. రాసింది ఫ్రెంచిలో.

రెండే వాక్యాలు. వద్దని చెప్పు. ఆ తరగతి నాది. ఆమె తన పిల్లలకు నేర్పేటంత చిన్న మాటలు. బాతుతో మాట్లాడేటంత చనువు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనను ఆమె ‘నువ్వు’ అన్నది అదే మొదటిసారి.

ఆ గదిలో ఆ రెండు వాక్యాలు చదవగలిగినవాడు ఆయన ఒక్కడే. అందుకే ఆమె అలా రాసింది. పరాయి మనిషి ముందు, తల్లి చదివి వినిపించగా ఆయన తలవంచుకోకూడదని. నిరాకరించిన గౌరవం ఆయనకే దక్కాలని. మధ్యాహ్నం అంత జరిగాక కూడా ఆమె ఆయన మర్యాద గురించే ఆలోచించింది.

“ఏం రాశారండీ మేడమ్?” అంది హెడ్మిస్ట్రెస్, మెడ సాచి. అక్షరాలు కనిపించాయి. అన్నేళ్ళు ఫ్రెంచి నడిపిన ఆవిడకు అవి గీతలే.

ఆచార్యుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. రెండు చిన్న వాక్యాల మీద అంతసేపు ఆయన ఎన్నడూ ఆగలేదు.

“తనకు సమ్మతమే అంటోంది,” అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలింది. “హమ్మయ్య. మేడమ్ బాధపడతారేమోనని దారంతా అనుకుంటూనే వచ్చాను.”

ఆచార్యుడు పళ్ళ సంచి వైపు చూస్తున్నాడు.

“రెండు ముక్కలే రాసింది కదరా,” అంది పెద్దావిడ నెమ్మదిగా. “అంత సమ్మతం అందులో ఎలా పట్టింది?”

“ఫ్రెంచి క్లుప్తమైన భాషమ్మా.”

“అవునవును. నీ రెండు సంపుటాలూ చూస్తేనే తెలుస్తుంది.”

టీచరమ్మ చెయ్యి చాచి పలకను తన వైపు లాక్కుంది. కొంగుతో తుడిచింది. బలపం పొడి బల్ల మీద రాలింది. అవే రెండు మాటలు మళ్ళీ రాసింది, ఈసారి తెలుగులో. వాటి కింద ఒక గీత గీసి, ఆయన వాటిని ఏమని చెప్పాడో అది కూడా రాసింది. రాసి అత్తగారి చేతికి ఇచ్చింది.

పెద్దావిడ చదువుకుంది. పెదవులు కదిలాయి, గొంతు బయటికి రాలేదు. కోడలి పలక చేతికి వచ్చాక ఆవిడ పైకి చదవకుండా ఉండడం ఆ ఇంట్లో అదే మొదలు.

పలకను గుండెకు ఆనించుకుని కొడుకు వైపు తిరిగింది. హెడ్మిస్ట్రెస్ కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

“నేను చదవనా నాయనా,” అంది పెద్దావిడ, “నువ్వే చెబుతావా?”